లైన్ అనే మాట ఎక్కడెక్కడికి వెళ్ళింది

(చెన్నై టి.నగర్‌లో తెలుగు కుటుంబాల వాళ్ళు, ముఖ్యంగా హైస్కూలు, కాలేజీ పిల్లల కోసం పెట్టుకున్న సమావేశంలో ఒక విశ్రాంత ఇంగ్లీషు అధ్యాపకురాలు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయిన వాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకు రండమ్మా, మొదటి వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మైకు అందరికీ వినపడుతోందా? సరే.

ఇవాళ నేను ఒకే ఒక్క ఇంగ్లీషు మాట గురించి మాట్లాడతాను. ఆ మాట ‘లైన్’. కష్టమైన మాట కాదు. ఈ హాల్లో దీని అర్థం తెలియని వాళ్ళు ఒక్కరూ ఉండరు. బడికి వెళ్ళని పెద్దవాళ్ళు కూడా రోజూ వాడతారు. రేషన్ షాపు ముందు లైన్. కరెంటు పోతే లైన్‌మ్యాన్. ఫోన్ కలవకపోతే లైన్ బిజీ. క్రికెట్ చూస్తుంటే లైన్ అండ్ లెంత్. ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరు నర్సుని అడుగుతాడు, పేషెంటుకి లైన్ పెట్టారా అని. సినిమా నిర్మాత దగ్గరికి కథ తీసుకెళ్తే ముందు లైన్ చెప్పండి అంటాడు. గుంటూరు నుంచి వచ్చిన వాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఉన్నారు కదా, చేతులెత్తారు. మీ ఊళ్ళో వీధే ఒక లైన్. బ్రాడీపేట నాలుగో లైన్, అరండల్‌పేట ఎనిమిదో లైన్.

ఇప్పుడు చెప్పండి, ఇదంతా ఒకే మాటేనా? కరెంటు తీగకీ, రేషన్ షాపు ముందు నిలబడ్డ మనుషులకీ, సినిమా కథకీ ఏమిటి సంబంధం?

ఈ ప్రశ్న నేను ఎందుకు ఎత్తుకున్నానో చెబుతాను. పిల్లల్ని ఇంగ్లీషు మీడియంలో చదివించే తల్లులు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. ‘మేడం, ఒక్కో మాటకి ఇరవై అర్థాలుంటే మా వాడు ఎలా గుర్తుపెట్టుకోవాలి?’ అని. ఆ అడగడంలో ఎంత భయం ఉంటుందో నాకు తెలుసు. ఇంట్లో ఎవరూ ఇంగ్లీషు మాట్లాడరు, పిల్లవాడికి మనం సాయం చెయ్యలేం అనే భయం అది. దాంతో లావుపాటి వొకాబులరీ పుస్తకం కొంటారు. పిల్లవాడు రోజుకి పది మాటలు బట్టీ పడతాడు, వారానికి మర్చిపోతాడు, తనకి ఇంగ్లీషు రాదనుకుంటాడు. నాకు అక్కడ బాధేస్తుంది. తెలివి లేక వచ్చిన ఇబ్బంది కాదది. చదివే పద్ధతిలో ఉంది తప్పు.

ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు ఉంది కదా, 1989లో ఇరవై సంపుటాలుగా వచ్చిన రెండో కూర్పులో ‘సెట్’ అనే మాటకి 430 అర్థాలు ఇచ్చారని చెబుతారు. తర్వాత అదే నిఘంటువు వాళ్ళు ‘రన్’ అనే క్రియని తిరగరాస్తే 645 తేలాయి. ఇంగ్లండులో పుట్టిన పిల్లవాడు ఈ 645 బట్టీ పట్టాడా? ఎవరూ పట్టరు. మరి వాడికి ఎలా వస్తుంది?

మనకి ఎలా వచ్చిందో అలాగే వస్తుంది. మన ‘తీయడం’ చూడండి. తలుపు తీశాడు. ఫోటో తీశాడు. సినిమా తీశాడు. బ్యాంకులో డబ్బు తీశాడు. గొయ్యి తీశాడు. కునుకు తీశాడు. పరుగు తీశాడు. ఆరా తీశాడు. కూనిరాగం తీశాడు. పరువు తీశాడు. ప్రాణం తీశాడు. అమ్మమ్మ దిష్టి తీసింది. ఇన్ని ‘తీయడాలు’ ఉన్నాయని మీకు ఎవరైనా పట్టిక వేసి నేర్పారా? లేదు. ఐదేళ్ళ పిల్ల కూడా ‘కునుకు తీశాడు’ అంటే బీరువాలోంచి కునుకుని బయటికి తీశాడని అనుకోదు. పక్కన ఉన్న మాట అర్థాన్ని చెప్పేస్తుంది. ‘ఆరా’ పక్కన ఉంటే ఒక అర్థం, ‘పరువు’ పక్కన ఉంటే ఇంకో అర్థం.

మన చెన్నై పిల్లలకి ఇంకో మేలు ఉంది. వీధిలోకి వెళ్తే తమిళం. అక్కడ ‘ఎడు’ అనే మాట ఉంది. పడం ఎడు అంటే ఫోటో తియ్యి, సినిమా తియ్యి, రెండూ. పణం ఎడు అంటే డబ్బు తియ్యి. ఓట్టం ఎడు అంటే పరుగు తియ్యి. మన ‘తీయు’ లాగే ఉంది కదా? కానీ తలుపు దగ్గరికి వచ్చేసరికి ‘కదవై ఎడు’ అనరు, ‘కదవై తిర’ అంటారు. మీ పిల్లలు ఈ తేడాని ఎవరూ చెప్పకుండా ఆడుకుంటూ పట్టేశారు. రెండు భాషల్లో ఈ పని చేసిన బుర్ర మూడో భాషలో ఎందుకు చెయ్యదు? చేస్తుంది. మనం దాన్ని చెయ్యనివ్వాలి.

సరే, లైన్ దగ్గరికి వద్దాం.

ఈ మధ్య అందరూ ఆరోగ్యానికి మంచిదని అవిసె గింజలు తింటున్నారు. పొడి కొట్టుకుని మజ్జిగలో వేసుకుంటున్నారు. ఆ అవిసె మొక్క కాండంలో నార ఉంటుంది. ఆ నార వడికితే దారం వస్తుంది, ఆ దారంతో నేసిన బట్టే లినెన్. లాటిన్‌లో ఆ మొక్క పేరు ‘లీనుమ్’. దాని దారం ‘లీనియా’. ఆ లీనియానే మన లైన్. లినెన్ చొక్కా, అవిసె నూనెకి ఇంగ్లీషు వాళ్ళు వాడే లిన్‌సీడ్ అనే మాట, కోటు లోపల కుట్టే లైనింగ్, అన్నీ ఆ మొక్క నుంచి వచ్చినవే. కోటు లోపల మొదట్లో లినెన్ బట్ట వేసేవాళ్ళు కాబట్టి అది లైనింగ్ అయింది. ఇప్పుడు పాలిస్టర్ వేసినా లైనింగే.

కాబట్టి లైన్ అంటే మొదట గీత కాదు, దారం. ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి, చాలు. మిగతాదంతా ఈ దారంతో మనుషులు ఏమేం చేశారన్న కథే.

మన దగ్గర ఇలాంటిది జరగలేదా? ‘సూత్రం’ అంటే సంస్కృతంలో దారం. మంగళసూత్రంలో ఆ దారం ఇంకా కంటికి కనపడుతోంది. లెక్కల మాస్టారు సూత్రం చెప్పమంటే మాత్రం దారం ఎవరూ తేరు, ఫార్ములా చెబుతారు. ‘తంతి’ అంటే తీగ. వీణ మీద తంతి. తర్వాత స్తంభాల మీద తీగలు వేసి వార్తలు పంపడం మొదలయ్యాక తంతి తపాలా శాఖ వచ్చింది. టెలిగ్రాం వచ్చిందంటే తంతి వచ్చిందనేవాళ్ళు, తమిళంలో కూడా అదే మాట. 2013 జులైలో మన దేశంలో టెలిగ్రాం ఆగిపోయింది. దారాన్ని చూసి తీగకి పేరు పెట్టడం, తీగని చూసి వార్తకి పేరు పెట్టడం, ఇది మనిషి అలవాటు. ఇంగ్లీషు వాడిదీ అదే అలవాటు.

దారాన్ని లాగి పట్టుకుంటే ఏమవుతుంది? తిన్నగా నిలుస్తుంది. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రి ఏం చేస్తాడో చూశారా? ఆ చివర ఒక మేకు, ఈ చివర ఒక మేకు కొట్టి దారం లాగి కడతాడు. ఆ దారం వెంట ఇటుకలు పేరుస్తాడు. గోడ పూర్తయ్యాక దారం విప్పేస్తాడు. దారం పోయింది, కానీ అది చూపించిన తిన్నదనం గోడలో ఉండిపోయింది. ‘లైన్’ అనే మాట దారం నుంచి గీతకి మారింది ఇక్కడే. యూక్లిడ్ రేఖని ఎలా నిర్వచించాడో లెక్కల పిల్లలకి తెలుసు, వెడల్పు లేని పొడవు అని. లాగి పట్టిన సన్నని దారాన్ని చూస్తూ ఉంటే ఆ ఊహ రావడం సహజమే కదా.

ఈ అర్థంలో ప్రపంచంలోనే పేరున్న ఒక లైన్ మన చెన్నైలో ఉంది. ఎంతమందికి తెలుసు? పరంగి మలై, అదే సెయింట్ థామస్ మౌంట్. మెట్రోలో రోజూ అటు వెళ్ళే వాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. 1802లో విలియం లాంబ్టన్ అనే సైనికాధికారి ఆ కొండ దగ్గర నుంచి దక్షిణంగా పెరుంబాక్కం వైపు దాదాపు ఏడున్నర మైళ్ళు, అంటే పన్నెండు కిలోమీటర్లు, ఉక్కు గొలుసు పరిచి కొలిచాడు. గొలుసు పొడవు నూరడుగులు. ఎండకి ఉక్కు సాగుతుంది కాబట్టి ప్రతిసారీ వేడి ఎంతుందో కూడా చూసి లెక్క సరిచేసేవాడు. ఎందుకంత పట్టుదల? త్రిభుజంలో ఒక భుజం పొడవు, కోణాలు తెలిస్తే మిగతా రెండు భుజాలు లెక్కకట్టొచ్చు. ఆ భుజాల మీద ఇంకో త్రిభుజం, దాని మీద ఇంకోటి. అలా కన్యాకుమారి నుంచి హిమాలయాల అంచు దాకా వెళ్ళిపోయారు. లాంబ్టన్ తర్వాత ఆ పని నడిపించిన జార్జ్ ఎవరెస్ట్ పేరే తర్వాత ఆ శిఖరానికి పెట్టారు. అంత పెద్ద కొలతకి మొదటి భుజం మన ఊళ్ళోది. దాన్ని ‘బేస్‌లైన్’ అంటారు. మొదటి లైన్‌లో జానెడు తేడా వస్తే ఆఖర్న ఎంతవుతుందో ఆలోచించండి.

ఇప్పుడు మీ నాన్నగారిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు. ఆయన ‘ముందు బేస్‌లైన్ బీపీ, షుగర్ చూసి మందు మొదలుపెడదాం’ అంటాడు. ఇక్కడ గొలుసూ లేదు, కొండా లేదు. తర్వాతి కొలతలన్నీ పోల్చి చూడడానికి ముందు తీసుకున్న కొలత అని అర్థం. పరంగి మలై దగ్గర ఆ మాట చేసిన పనే ఆస్పత్రిలోనూ చేస్తోంది.

దారం లావైతే తాడు. ఓడల వాళ్ళకి తాడంతా లైనే. నీళ్ళలో పడ్డ మనిషికి విసిరే తాడు ‘లైఫ్‌లైన్’. కాసిమేడులో గాలం వేసే వాళ్ళని చూడండి. కొక్కెం, దానికి కట్టిన తాడు, తాడు మునగడానికి కట్టిన సీసం గుండు. ఇంగ్లీషులో ఆ మూడూ ‘హుక్, లైన్ అండ్ సింకర్’. ఆశపడ్డ చేప ఎరతో ఆగకుండా మూడూ మింగేస్తే ఎలా ఉంటుందో, ఒకడు చెప్పిన అబద్ధాన్ని ఇంకొకడు మొత్తంగా నమ్మేస్తే అలా ఉంటుంది. అప్పుడు వాడతారు ఆ మాట. తర్వాత తాడు స్థానంలో తీగ వచ్చింది. టెలిగ్రాఫ్ లైన్, టెలిఫోన్ లైన్, కరెంటు లైన్. ఆస్పత్రిలో నర్సు పెట్టే లైన్ కూడా సన్నటి గొట్టమే, దాంట్లోంచి మందు వెళ్తుంది.

దారం ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్తుంది కదా, అలాగే దారికి కూడా ఆ పేరొచ్చింది. 1856 జులై 1న రాయపురం నుంచి వాలాజా రోడ్ దాకా రైలు నడిచింది, దక్షిణ దేశంలో ప్రయాణికుల కోసం నడిచిన మొదటి రైల్వే లైన్ అది. రాయపురం స్టేషన్ ఇంకా ఉంది, చూడని వాళ్ళు వెళ్ళి చూడండి. ఇక రైల్వేలో ‘లైన్ క్లియర్’ అనేది ఉత్త మాట కాదు, ప్రాణాలకు సంబంధించిన మాట. ఈ స్టేషన్ మాస్టరు అవతలి స్టేషన్ మాస్టరుని అడిగి, మధ్యలో ఇంకో రైలు లేదని రూఢి చేసుకుని, లైన్ క్లియర్ తీసుకున్నాకే బండిని పంపుతాడు. మనం ఇళ్ళల్లో ‘మావయ్య ఒప్పుకున్నాడు, ఇక లైన్ క్లియర్’ అంటాం చూశారా, రైల్వేకాలనీల నుంచి మన తెలుగులోకి నడిచొచ్చిన మాట అది. ఓడలు నడిపే కంపెనీలు షిప్పింగ్ లైన్లు అయ్యాయి, విమానాలు వచ్చాక ఎయిర్‌లైన్ అయింది. ఆకాశంలో ఏ దారమూ లేదు. ఉన్నది ఒక దారి, అంతే.

మనుషులు దారంలా ఒకరి వెనక ఒకరు నిలబడితే అదీ లైన్. సిపాయిల గుడారాలు వరసగా వేస్తే ‘లైన్స్’. ఉత్తరాదిలో సివిల్ లైన్స్ అనే పేట లేని పాత ఊరు తక్కువ. గుంటూరు వాళ్ళు వీధినే లైన్ చేసుకున్నారని ఇందాక అన్నాను కదా. అది తప్పని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఒక మాటని తెచ్చుకున్న వాళ్ళు దాన్ని తమ ఊరికి తగ్గట్టు వాడుకుంటారు, ఇంగ్లీషు వాళ్ళు లాటిన్ మాటతో చేసింది కూడా అదే కదా. అయితే లండన్ వాడికి అడ్రస్ చెప్పేటప్పుడు మాత్రం ‘స్ట్రీట్’ అనండి, ఎందుకంటే వాడికి అర్థం కావాలి.

దాటకూడని గీత

ఇప్పుడు నేను కాస్త ఆగి మాట్లాడదలచుకున్న అర్థం ఒకటుంది. హద్దు.

నేల మీద దారం పరిస్తే అటు వేరు, ఇటు వేరు అవుతుంది. ఆటల్లో చూడండి. టెన్నిస్‌లో బంతి గీతని తాకితే చాలు, లోపల పడ్డట్టే. మన చెపాక్‌లో బ్యాట్స్‌మన్ పరుగుకి వెళ్ళి, వికెట్లు పడేసరికి బ్యాట్ సరిగ్గా గీత మీద ఉంటే అవుట్. గీత దాటి లోపలికి రావాలి. గీత ఒకటే, కానీ గీత ఎవరిదన్నది ఆట నిర్ణయిస్తుంది. ‘ఆన్ ద లైన్’ అంటే లోపలా, బయటా? ఏ ఆటో తెలియకుండా జవాబు లేదు. మాటల అర్థం కూడా అంతే, ఏ సందర్భమో తెలియకుండా జవాబు లేదు.

‘డెడ్‌లైన్’ అనే మాట రోజూ వాడతాం. ప్రాజెక్ట్ డెడ్‌లైన్, ఫీజు డెడ్‌లైన్, టెన్షన్. ఆ మాట ఎక్కడ పుట్టిందో వింటే అంత తేలిగ్గా వాడబుద్ధి కాదు. 1864లో, అమెరికా అంతర్యుద్ధంలో, జార్జియా రాష్ట్రంలో ఆండర్సన్‌విల్ అనే చోట యుద్ధఖైదీల శిబిరం ఉండేది. ప్రహరీకి లోపలి వైపు కొన్ని అడుగుల దూరంలో చిన్న కర్రల కంచె కట్టారు. ఖైదీ దాన్ని దాటితే, దాని మీద చెయ్యి వేసినా సరే, కాపలావాళ్ళు కాల్చేసేవాళ్ళు. దాని పేరే డెడ్ లైన్. ఆ శిబిరంలో ఆకలికీ రోగాలకీ దాదాపు పదమూడు వేలమంది చనిపోయారు. యుద్ధం అయిపోయాక దాని అధికారి హెన్రీ విర్జ్‌ని విచారించి 1865 నవంబరులో ఉరితీశారు. 1920 నాటికి అమెరికాలో పత్రికల వాళ్ళు అదే మాటని వార్త అందించాల్సిన గడువుకి వాడుతున్నారు. కంచె పోయింది, తుపాకీ పోయింది, దాటకూడదు అన్న భావం ఒక్కటే మిగిలింది.

దేశాల మీద గీసిన గీతలు ఇంకా ఉన్నాయి. 1893లో డ్యూరాండ్ లైన్, ఇప్పటి పాకిస్తాన్‌కీ ఆఫ్ఘనిస్తాన్‌కీ మధ్య. 1914లో మెక్‌మోహన్ లైన్, మన దేశానికీ టిబెట్‌కీ మధ్య. 1947లో రాడ్‌క్లిఫ్ లైన్. సిరిల్ రాడ్‌క్లిఫ్ అంతకు ముందు మన దేశం మొహం చూడలేదు. జులైలో వచ్చాడు, ఐదు వారాల్లో పంజాబునీ బెంగాలునీ చీల్చి గీత గీశాడు. ఆ గీత ఎక్కడుందో జనానికి తెలిసింది ఆగస్టు 17న. స్వాతంత్ర్యం వచ్చిన రెండు రోజుల తర్వాత. తమ ఊరు ఏ దేశంలో ఉందో తెలియకుండానే జెండా పండగ చేసుకున్న ఊళ్ళు ఉన్నాయి.

పరీక్షలకి చదివే పిల్లలు ఇక్కడ ఒకటి గమనించండి. కాశ్మీర్‌లో ఉన్నది ‘లైన్ ఆఫ్ కంట్రోల్’. 1972లో సిమ్లా ఒప్పందం తర్వాత వచ్చిన పేరు. దాన్ని ‘బోర్డర్’ అని రాస్తే అర్థమే మారిపోతుంది. బోర్డర్ అంటే రెండు దేశాలూ ఒప్పుకున్న సరిహద్దు. లైన్ ఆఫ్ కంట్రోల్ అంటే ఎవరి సైన్యం ఎక్కడిదాకా ఉందో చెప్పే గీత. లైన్ అనే మాట అక్కడ తెలిసి వాడారు.

ఇంకా దగ్గరికి వస్తాను. ఈ హాల్లో పెద్దవాళ్ళకి ఈ విషయం చెప్పక్కర్లేదు, పిల్లల కోసం చెబుతున్నాను. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మద్రాసు గీతకి ఈ పక్కన ఉండిపోయింది. మనం కదలలేదు, గీత కదిలింది. తర్వాత మధ్యవర్తి పటాస్కర్ సూచన మీద, 1960 ఏప్రిల్ 1న గీత మళ్ళీ కదిలింది. అప్పటిదాకా చిత్తూరు జిల్లాలో ఉన్న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వచ్చింది, చెంగల్పట్టు జిల్లాలో ఉన్న సత్యవేడు ప్రాంతం ఆంధ్రకి వెళ్ళింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు పుట్టింది తిరుత్తణిలోనే. గీత మారిన రోజు ఆయన దేశానికి ఉపరాష్ట్రపతి. ఇప్పటికీ ఆ గీతకి రెండు పక్కలా తెలుగు ఇళ్ళూ ఉన్నాయి, తమిళ ఇళ్ళూ ఉన్నాయి. పెళ్ళి సంబంధాలు గీత దాటి వెళ్తూనే ఉన్నాయి. ఇక్కడ తెలుగు బడులు మూతపడకుండా చూసుకోవాలని మనం పడే తపన అంతా ఆ గీత వల్ల వచ్చిందే. అందుకని ‘లైన్’ని ఉత్త వ్యాకరణ విషయంగా నేను చెప్పలేను.

రాసిన వరస గురించి త్వరగా చెప్పేస్తాను. కాగితం మీద అక్షరాలు వరసగా కూర్చితే లైన్. పద్యంలో పాదం లైన్, నటుడు చెప్పే మాటలు లైన్లు. ‘డ్రాప్ మీ ఎ లైన్’ అంటే చిన్న ఉత్తరం రాయమని, ఏమీ కింద పడెయ్యమని కాదు. మన కోడంబాక్కంలో తెలుగు సినిమా ఉన్న రోజుల నుంచీ ఇప్పటిదాకా కథ సారాంశాన్ని లైన్ అంటారు, సీన్ల క్రమాన్ని వన్‌లైన్ ఆర్డర్ అంటారు. జమాఖర్చుల లెక్కలో చివరి వరసలో లాభమో నష్టమో తేలుతుంది, అది ‘బాటమ్ లైన్’. అందుకే మీటింగుల్లో అసలు విషయం ఏమిటని అడగడానికి బాటమ్ లైన్ ఏమిటి అంటారు.

పక్క మాటల సంగతి

ఇక అసలు పని. ఇందాక ‘తీయు’ పక్కన ఉన్న మాటే అర్థం చెబుతుందని అన్నాను. ఇంగ్లీషులో ఆ పని ఎక్కువగా చిన్న చిన్న మాటలు చేస్తాయి. ఇన్, ఆన్, ఫర్, విత్. మన పిల్లలు పెద్ద మాటల మీద కష్టపడి వీటిని వదిలేస్తారు. వినండి.

‘ఇన్ లైన్ ఫర్ ప్రమోషన్’ అంటే ప్రమోషన్ రాబోయే వాళ్ళలో ఉన్నాడు. ‘ఇన్ లైన్ విత్ ద రూల్స్’ అంటే నిబంధనలకి తగ్గట్టు. ‘ఫర్’ తీసి ‘విత్’ పెట్టాం, అర్థం మొత్తం మారింది. ‘హిజ్ జాబ్ ఈజ్ ఆన్ ద లైన్’ అంటే ఉద్యోగం పోయే ప్రమాదంలో ఉంది. ‘యువర్ మదర్ ఈజ్ ఆన్ ద లైన్’ అంటే అమ్మగారు ఫోన్లో ఉన్నారు, భయపడాల్సింది ఏమీ లేదు. చూశారా, ఇక్కడ చిన్న మాటలు కూడా ఒకటే, ఉద్యోగమా అమ్మా అన్నదే తేడా. ‘అవుట్ ఆఫ్ లైన్’ అంటే హద్దు మీరిన ప్రవర్తన. ‘డౌన్ ద లైన్’ అంటే కొన్నాళ్ళు పోయాక. ‘ఎలాంగ్ ద సేమ్ లైన్స్’ అంటే ఇంచుమించు అదే పద్ధతిలో.

‘ఎ’, ‘ద’ కూడా చూడాలి. ‘డ్రా ఎ లైన్’ అంటే గీత గియ్యి. ‘డ్రా ద లైన్’ అంటే ఇంతవరకే, ఇక ఒప్పుకోను అని తేల్చి చెప్పడం. ‘డ్రా ఎ లైన్ అండర్ ఇట్’ అంటే ఆ గొడవ ముగిసింది, వదిలేద్దాం అని. ‘హోల్డ్ ద లైన్’ అని రిసెప్షనిస్టు అంటే ఫోన్ పెట్టెయ్యొద్దని, సైన్యాధికారి అంటే వెనక్కి తగ్గొద్దని.

స్పెల్లింగు విషయం ఒకటి. ‘టో ద లైన్’ అంటే చెప్పినట్టు నడుచుకోవడం. ఈ ‘టో’ (toe) అంటే కాలి వేలు. పందెంలో అందరూ గీత దగ్గర వేళ్ళు ఆనించి నిలబడతారు కదా, అది. బండిని తాడు కట్టి లాగే ‘టో’ (tow) కాదు. చాలామంది ఆ రెండోది రాస్తారు, లైన్ అంటే తాడే కదా అని. దారం కథ విన్నాక మీకు అలా రాయాలనిపించడం ఇంకా ఎక్కువ కావచ్చు, అందుకే చెబుతున్నాను.

ఇప్పుడు ఎవరైనా ఏదైనా అడుగుతారా?

ఆ వెనక అమ్మాయి అడుగుతోంది, ఆన్‌లైన్ కూడా ఇదేనా అని. ఇదేనమ్మా. మొదట్లో ఒక యంత్రం పెద్ద కంప్యూటరుకి తీగ ద్వారా కలిసి పనిచేస్తుంటే ‘ఆన్ లైన్’ అనేవాళ్ళు. తీగ తీసేస్తే ‘ఆఫ్ లైన్’. ఇప్పుడు నీ ఫోన్‌కి ఏ తీగా లేకపోయినా ఆన్‌లైన్ క్లాస్ వింటున్నావు.

ఈ అమ్మగారు అడుగుతున్నారు, నాకు ఇంగ్లీషు రాదు, పిల్లవాడికి నేనేం చెయ్యగలను అని. చాలా చెయ్యగలరమ్మా. ఒక నోటుబుక్ కొనండి. ఒక్కో మాటకి ఒక్కో పేజీ. అర్థం రాయించకండి. ఆ మాట వాడు ఎక్కడ విన్నా, ఎక్కడ చదివినా ఆ పూర్తి వాక్యం రాయమనండి, పక్క మాటలతో సహా. కామెంటరీలో విన్నది, ఆస్పత్రి బోర్డు మీద చూసింది, పాఠంలో వచ్చింది. పేజీలో ఐదారు వాక్యాలు చేరాక, మీరు పక్కన కూర్చుని ‘దీన్ని తెలుగులో ఎలా అంటాం?’ అని అడగండి. మీకు తెలుగు బాగా వచ్చు కాబట్టి వాడి జవాబు కుదిరిందో లేదో మీకు తెలిసిపోతుంది. ఆ పని చెయ్యడానికి ఇంట్లో మీకంటే తగినవాళ్ళు లేరు. ఒక్కో వాక్యానికి ఒక్కో తెలుగు మాట వస్తుంది. వరస, తీగ, హద్దు, గీత, గడువు. మీ తెలుగు అక్కడ బాగా పనికొస్తుంది.

ఆఖరి ప్రశ్న. బాబు అడుగుతున్నాడు, టికెట్ల దగ్గర నిలబడేదాన్ని ‘లైన్’ అనాలా, ‘క్యూ’ అనాలా అని. రెండూ సరైనవే నాన్నా. బ్రిటన్ వాళ్ళు క్యూ అంటారు, అమెరికా వాళ్ళు లైన్ అంటారు. లైన్ అంటే మాత్రం ‘స్టాండ్ ఇన్ లైన్’ అని రాయాలి. న్యూయార్క్ వాళ్ళు కొంతమంది ‘స్టాండ్ ఆన్ లైన్’ అంటారు, అది వాళ్ళ ఊరి వాడుక. నీ పరీక్షలో నువ్వు ‘ఇన్’ అనే రాయి.